వెనక్కి తిరిగిన పొగ

"పొగ వాసన మొదట ఎప్పుడొచ్చిందమ్మా?"

చాముండేశ్వరి ఈ మాట అడగడం మూడోసారి. మొదటి రెండుసార్లూ రహీమా నోరు తెరిచి, ఒళ్లో పడుకున్న నాలుగు నెలల పిల్ల వంక చూసి, మళ్లీ మూసుకుంది. ఈసారి చున్నీ కొంగుతో ముఖం తుడుచుకుని తలెత్తింది.

"చలి షురూ అయినంక ఆంటీ. హీటర్ ముట్టిచ్చినప్పట్నించి ఎప్పుడో ఒకప్పుడు వస్తనే ఉండె."

"ఎప్పుడో ఒకప్పుడంటే కుదరదు. పొద్దున్నా, సాయంత్రమా? గాలి వీచినప్పుడా, వాన పడినప్పుడా? నిదానంగా ఆలోచించు. నాకేం తొందర లేదు."

తొందర లేదన్నది పచ్చి అబద్ధం. ఇది శనివారం. సోమవారం పోలీసులు రహీమా మీద హత్య కేసు పెట్టాలో వద్దో తేల్చేస్తారు. పెడితే రహీమా జైలుకు, పాప అఫీఫా ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్లింటికి పెంపకానికి పోతారు. రహీమా వకీలు ఈ కేసును చాముండేశ్వరి చేతిలో పెట్టింది నిన్న సాయంత్రమే.

జరిగింది చెప్పాలంటే చిన్న కథే. రెండువేల సంవత్సరం వచ్చేసరికి సర్కారు కంప్యూటర్లు తేదీలు తప్పకుండా చూడటానికి ఆస్ట్రేలియాలోని క్యాన్‌బెర్రాకు వచ్చిన మన ప్రోగ్రామర్లలో రహీమా భర్త కాషిఫ్ ఒకడు. ఊరికి దక్షిణాన కంబాలో పాత ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. కిందటి వారం గురువారం రాత్రి హాల్లో కట్టెల హీటర్, అంటే పొగగొట్టం ఉన్న ఇనుప పొయ్యి, ముందు సోఫాలో పడుకున్నాడు, మరి లేవలేదు. కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు అని డాక్టర్లు తేల్చారు. తల్లీబిడ్డలు వెనక గదిలో ఉండి బతికారు. బతకడమే రహీమా చేసిన నేరమైంది. ఆ గది తలుపు కింద సందులో ఆమె తువ్వాలు కుక్కింది. హీటర్ తలుపు చుట్టూ పొగ రాకుండా ఉండే తాడేమో గాడిలోంచి ఎవరో ఊడబెరికినది వంటింటి చెత్తబుట్టలో దొరికింది. మొగుణ్ణి పొగకు వదిలేసి తను తువ్వాలు అడ్డం పెట్టుకుందని పోలీసులు లెక్క కట్టారు.

చాముండేశ్వరి పదిహేనేళ్లు బీమా కంపెనీల తరఫున కాలిన ఇళ్లు చూసి చూసి విసిగి, సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టిన మనిషి. ఓదార్చడం ఆవిడకు చేతకాదు. అడగడం వచ్చు.

"తువ్వాలు ఎందుకు పెట్టావు?"

"పాపకు దగ్గు ఆంటీ. పొగ తగలొద్దని నెల సంది రోజూ పెడ్తున్న. కాషిఫే చెప్పిండు పెట్టమని." పిల్ల మీది దుప్పటి సర్దింది. "గిప్పుడు అందరు అదే అడుగుతున్నరు. నేనేం జవాబియ్యాలె?"

"నాకిచ్చావుగా, చాలు. పొగ సంగతి చెప్పు."

రహీమా కాసేపు ఆలోచించింది. "వంట టైమ్‌ల ఆంటీ! అవును, పొయ్యి ముట్టిచ్చినప్పుడే వస్తుండె. మిరపకాయల ఘాటేమో అనుకున్న ముందుగాల."

"వంట చేసేటప్పుడు పొయ్యి మీది ఫ్యాన్ పెట్టేదానివా?"

"ఫుల్‌ల పెడ్తుంటి. ఇల్లు ఎట్లుంచుకున్నమో చూడనీకి వచ్చిన అద్దె ఏజెంట్ కర్టెన్లు వాసన చూసి, కర్రీ స్మెల్ అని రాసుకపోయింది. మళ్ల గట్లనే అంటే ఇల్లు ఖాళీ చేయాలె. గప్పట్నించి నూనె కాగకముందే ఫ్యాన్ పెడ్తుంటి."

"అది గాలిని ఇంటి బయటికి తోసేదా, లోపలే తిప్పేదా?"

"కప్పు మీదికెల్లి బయటికి తోస్తది."

"గోడల పైన జల్లెడల్లాంటివి ఉంటాయి, గాలి రావడానికి..."

"అండ్లకెల్లి మస్తు చలి వస్తుండె. కాషిఫ్ పాత దుప్పటి చింపి అన్నిట్ల కుక్కిండు. కిటికీలకు విఠల్ భాయ్ టేప్ ఏసిండు."

విఠల్ భాయ్ అన్నప్పుడు ఆ పేరుగల మనిషి ట్రేలో చాయ్ పట్టుకుని వంటింట్లోంచి వచ్చాడు. అతను అద్దెకుంటున్న ఇల్లే ఇది. ఊరికి ఉత్తరాన గంగాలిన్‌లో కొత్తగా లేచిన ఇళ్లలో ఒకటి. కింది హాల్లో ఇక్కడా కట్టెల హీటరే. కాషిఫ్‌కు ఆఫీసులో పక్క కుర్చీ, ఇంట్లో అన్నదమ్ముల వరస. బక్కపలచని మనిషి, గొంతెత్తి మాట్లాడడు. నిజామాబాద్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, అమీర్‌పేటలో ఆరు నెలల కోర్సు చేసి, ప్రోగ్రామర్‌నని విమానం ఎక్కాడు. ఆ రోజుల్లో అలా ఎక్కనివాణ్ణి వేళ్ల మీద లెక్కపెట్టాలి. కంబా ఇంటికి పోలీసులు తాళం వేశాక తల్లీబిడ్డలను తీసుకొచ్చి తన పైగదిలో పెట్టుకున్నది ఇతనూ, ఇతని భార్య కిరణ్మయీ. కిరణ్మయి వృద్ధాశ్రమంలో నర్సు. ఇవాళ పగటి డ్యూటీ.

"పాపకు చలి తగలొద్దని ఏసిన మేడమ్," అన్నాడు విఠల్, కప్పు అందిస్తూ. "గ హీటర్ మీద నాకు మొదట్నుంచి డౌటే. తలుపు తాడు పాతగైంది, పొగ లీకైతుందని నేనే కొత్తది తెచ్చి గమ్ పెట్టి అతికిచ్చిన. అసొంటిది ఎవలు పీకిండ్రో, ఎందుకు పీకిండ్రో..."

మిగతాది అనలేదు. రహీమా వంక జాలిగా చూశాడు. ఆ జాలి చాముండేశ్వరికి నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో వెంటనే తట్టలేదు.

"ఆ గురువారం రాత్రి మీరు అక్కడే భోంచేశారుగా?"

"చేసిన. భాభీ పాపను తీస్కొని లోపటికి పోయింది. కాషిఫ్ సోఫాల ఒరిగిండు. ఆఫీస్ కంప్యూటర్‌కు ఫోన్ లైన్ కలిపి టెస్టింగ్ నడిపిస్తుండు, చూస్తనే నిద్రల పడ్డడు. లేపుడెందుకని వంటింటి వెనక తలుపు దగ్గరికేసి నేను ఎల్లిపోయిన. పది అయితుండొచ్చు. పొద్దుగాల ఇద్దరం కలిసి ఆఫీస్‌కు పోతం. ఏడున్నరకు వచ్చి బెల్ కొడితే పలుకలేదు. నా దగ్గర తాళంచెవి ఉండె, తీసిన. వాన్ని జూసిన. అంబులెన్స్‌కు ఫోన్ చేసిన." కళ్లు మూసుకున్నాడు. "ఇరవై నిమిషాలు మేడమ్. వాళ్లచ్చేదాంక వాని పక్కనే కూసున్న. లేవనన్న లేవలేదు."

"ఇంకేం ముట్టుకోలేదా?"

"నాకేం సోయి ఉంది మేడమ్?"

చాముండేశ్వరి రహీమా వైపు తిరిగింది. "రాత్రి నీకేమన్నా వినపడిందా?"

"ఏం లేదు ఆంటీ. పాపకు పాలియ్యనీకి రెండుసార్లు లేచిన. గుయ్‌మని ఒకటే చప్పుడు. కంప్యూటర్ నడుస్తుంది, కాషిఫ్ ఇంక పని చేస్తుండు అనుకున్న." ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. "పొద్దుగాల అంబులెన్సోళ్లు నన్ను మోసుకపోతున్నప్పుడు గా చప్పుడు లేకుండె. కంప్యూటర్ లైట్లు మాత్రం ఎలుగుతనే ఉండె."

విఠల్ కప్పులో చెంచా తిరగడం ఆగింది. మళ్లీ తిరిగింది. చాముండేశ్వరి అది చూసింది. చూసి, స్నేహితుడు పోయిన దుఃఖం కాబోలు అనుకుంది. ఇన్నేళ్ల వృత్తిలో తను చేసిన పెద్ద తప్పు అదేనని తర్వాత చాలాకాలం బాధపడింది.

లేచి కోటు తొడుక్కుంటూ, "నాతో కంబా వస్తావా? ఇల్లు చూస్తే ఇంకేమన్నా గుర్తు రావచ్చు," అంది.

"ఇద్దత్‌ల ఉన్న ఆంటీ. మొగడు పోయినంక నాలుగు నెలల పది రోజులు గడప దాటొద్దు. అసలైతే మా ఇంట్లనే ఉండాలె. పోలీసులు తాళమేసిండ్రని ఈడికి వచ్చుడే నా పానానికి పడ్తలేదు."

"భాభీని ఏడికీ పంపం మేడమ్," అన్నాడు విఠల్, వాకిలిదాకా వచ్చి. చేతిలో వెడల్పాటి టేపు చుట్ట ఉంది. "మంచిగ చూస్కుంటం. మా ఇంట్ల గూడ చలి ఎక్కువనే ఉంది. ఇయ్యాల కిటికీలన్నిటికి ఏసేస్త."

*

కంబా ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఆకాశం మూసుకుపోయి, లోయ అంతా ఇళ్ల పొగ నేలకు దిగి ఉంది. వాకిట్లో తెలిసిన తెల్ల కారు చూడగానే చాముండేశ్వరికి నోరు చేదయింది.

"రండి రండి! పోలీసుల దగ్గర తాళంచెవి తెచ్చి మీకోసమే తలుపు తీసి ఉంచాను," అన్నాడు ద్వారకానాథ్, హాలు మధ్యలో నిలబడి.

ఇంటి యజమానికి బీమా ఇచ్చిన కంపెనీ తరఫున వచ్చిన పరిశోధకుడు. తెనాలి మనిషి. ఒకప్పుడు ఇద్దరూ ఒకే ఆఫీసులో పనిచేశారు. ఆవిడ రోజంతా వెతికి తెచ్చినదాన్ని ఆయన అరపేజీలో తన పేరుతో పంపేవాడు. తాడు సంగతి పోలీసుల చెవిన వేసిందీ ఆయనే.

"మీరు ఆలస్యంగా వచ్చారు. నేను చూడాల్సిందంతా చూసేశాను."

"మీకు చూడటానికి ఎప్పుడూ ఎక్కువసేపు పట్టదు లెండి."

"ఏముంది చూడటానికి? ఇదిగో తలుపు, ఇదిగో గాడి, గాడిలో తాడు లేదు. పొగ బయటికొచ్చింది, మనిషి పోయాడు. అద్దెకున్నవాళ్లు చేతులారా పాడుచేసుకున్న హీటర్‌కి మా కంపెనీకి పూచీ లేదు. పీకింది ఆ అమ్మాయే అనుకుంటే పోలీసులకీ పని తేలిక."

"మీ ఇంట్లో కట్టెల హీటర్ ఉందా ద్వారకానాథ్‌గారూ?"

"గ్యాసు."

"అదీ సంగతి."

చాముండేశ్వరి మోకాళ్ల మీద కూర్చుని హీటర్ తలుపు తెరిచింది. లోపల మూడు మొద్దులు. పైన నల్లగా కాలి, నడుమ ఇంకా కట్టెగానే ఉన్నాయి. ఒకదాన్ని పటకారుతో ఎత్తి ఆయన ముక్కు కిందికి తెచ్చింది.

"పొగగొట్టం సరిగ్గా ఉన్న హీటర్ గాలిని లాక్కుంటుంది, బయటికి నెట్టదు. తలుపుకి తాడు లేదనుకోండి, ఆ సందుల్లోంచి గదిలోని గాలే లోపలికి పోతుంది. గాలి దొరికితే మంట ఏమవుతుంది?"

"రేగుతుంది."

"రేగి తెల్లారేసరికి కట్టె మొత్తం బూడిదైపోవాలి. ఇదేంటి మరి? గాలందక కుమిలి కుమిలి ఆరిపోయిన కట్టె. అంటే రాత్రంతా ఈ తలుపు బిగుతుగానే ఉంది."

ద్వారకానాథ్ భుజాలెగరేశాడు. "తడి కట్టె అయ్యుంటుంది."

"సరే, కట్టె వదిలేయండి. ఈ గాడిలో వేలు పెట్టండి."

ఆయన పెట్టలేదు. ఆవిడే చేతిరుమాలు వేలికి చుట్టి గాడి పొడవునా తుడిచి చూపించింది. తలుపు లోపలి వైపంతా కాటుకలా మసి పట్టి ఉంటే, గాడి మాత్రం తెల్లటి ఎండిన జిగురుతో శుభ్రంగా ఉంది. రుమాలుకి బూడిద మరక కూడా అంటలేదు.

"తాడు లేకుండా రాత్రంతా మండి ఉంటే ఈ గాడి ఇంత తెల్లగా ఉంటుందా? తాడు పీకింది హీటర్ ఆరిపోయాక. అంటే ఆ శుక్రవారం పొద్దున. అప్పటికి ఆ పిల్ల లేవలేని స్థితిలో గదిలో పడి ఉంది. అక్కణ్ణించి అంబులెన్సువాళ్లు మోసుకుపోయారు. వంటింటి దాకా వచ్చి చెత్తబుట్టలో తాడు వేసే ఓపిక దానికెక్కడిది?"

ద్వారకానాథ్ మొదటిసారి వంగి గాడిని చూశాడు. చూసి నెమ్మదిగా నిటారుగా అయ్యాడు. ఓడిపోతున్నప్పుడు ఆయన గొంతు పెద్దదవుతుంది.

"బాగుంది! తాడు ఉంది, తలుపు బిగుతుగా ఉంది, పొగ మాత్రం ఆకాశంలోంచి ఊడిపడింది! ఎటునుంచి వచ్చిందో మీరే చెప్పండి, రాసుకుంటాను."

చాముండేశ్వరి ఇంకా కిందికి వంగింది. తలుపు అడుగున గాలి తగ్గించి పెంచే మీట ఉంది. దాని వెనకున్న సన్నటి సందులోంచి గాలి లోపలికి పోవాలి. ఆ సందు ముందున్న ఇనుప పెదవి మీద నల్లటి మసి. గదివైపుకి, జానెడు మేర.

"గాలి లోపలికి పోయే దారిలోంచి పొగ బయటికొచ్చింది," అంది మెల్లిగా.

లేచి నాలుగు గోడల పైభాగాలూ చూసింది. గాలి జల్లెడల్లో నీలం దుప్పటి ముక్కలు కుక్కి ఉన్నాయి. కిటికీల అంచుల్లో ఒక్క సందు లేకుండా టేపు వేసి ఉంది. వేసినవాడు శ్రద్ధగా వేశాడు. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ తెరిచి అగరుబత్తీల పొట్లం తీసింది.

"పూజ చేస్తారా ఏంటి?" అన్నాడు ద్వారకానాథ్.

"చేస్తాను. బయటి తలుపులు మూసి, వంటింట్లోకెళ్లి నేను చెప్పినప్పుడు ఫ్యాన్ వేయండి."

ఆయన నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి తలుపులు మూశాడు. చాముండేశ్వరి హీటర్ తలుపు గాడికి తన మఫ్లర్ మడిచి అడ్డం పెట్టి గట్టిగా బిగించింది. ఒక అగరుబత్తి వెలిగించి గాలి మీట ముందు పట్టుకుంది. సన్నటి పొగ తిన్నగా లేచి, కొద్దిగా హీటర్ వైపుకి వంగి, సందులోకి పోయింది.

"వేయండి. ఫుల్లుగా."

వంటింట్లో గుయ్‌మని చప్పుడు మొదలైంది. పొగ ఒక క్షణం ఊగింది. తర్వాత హీటర్ లోపలినుంచి ఎవరో ఊదినట్టు వెనక్కి తిరిగి, చాముండేశ్వరి ముఖం మీదుగా వంటింటి వైపు సాగిపోయింది. దాని వెంబడే హీటర్ సందులోంచి చల్లటి పాత మసి వాసన గుప్పున వచ్చింది.

ద్వారకానాథ్ గుమ్మంలోకి వచ్చి ఆ పొగ వెంటే చూశాడు.

"ఇంట్లోకి గాలి రావడానికి ఇంకో దారి లేదు. ఫ్యాన్ లాగుతుంటే పొగగొట్టంలోంచే రావాలి. మంట పెద్దగా ఉన్నప్పుడు ఫ్యాన్‌కి ఎదురు నిలుస్తుంది. మీట తగ్గించి కట్టె కుములుతున్నప్పుడు నిలవలేదు. వంట చేసినప్పుడల్లా ఆ పిల్లకి పొగ వాసన వచ్చింది అందుకే. పాపం, మసాలా వాసన వస్తే ఇల్లు ఖాళీ చేయిస్తారన్న భయంతో ఫ్యాన్, చలికి దుప్పటి ముక్కలు. తెలియక చేసుకున్నారు. తెలిసినవాడు దాన్ని వాడుకున్నాడు."

"అంటే ఆ రాత్రి ఫ్యాన్..."

"రాత్రంతా తిరిగింది. కావాలంటే చూడండి." వంటింట్లోకి నడిచి ఫ్యాన్ ఆపి, దాని అడుగున ఉన్న జాలీని లాగింది. పట్టి ఉన్న జిడ్డు మీద చేతిరుమాలు మెత్తగా అద్దింది. నల్లటి మసి. అదే చోట గోటితో గీరింది. అడుగున పసుపు, నూనె. "పోపు జిడ్డు కింద ఉంది, మసి దాని మీద ఉంది. వంట అయిపోయాక కూడా ఫ్యాన్ తిరిగితేనే పొగ ఇక్కడిదాకా వచ్చి అంటుకుంటుంది. ఆ అమ్మాయి రాత్రి విన్న గుయ్‌మనే చప్పుడు కంప్యూటర్‌ది కాదు, ఇది. పొద్దున్నే అంబులెన్సు వచ్చేలోపల ఎవరో ఆపారు. తాడు పీకిందీ వాళ్లే, నేరం హీటర్ మీదికి పోవాలని. అది పోయిపోయి రహీమా మీద పడింది. వాళ్లకి అదీ నష్టం లేదు."

ద్వారకానాథ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఈసారి ఆయన గొంతు చిన్నదిగా ఉంది.

"చాముండేశ్వరిగారూ, ఒక సంగతుంది. నాకు అక్కర్లేదని వదిలేశాను. నిన్న కాషిఫ్ మేనేజర్‌తో మాట్లాడాను. ఆ శుక్రవారం పొద్దున తనతో ఒంటరిగా మాట్లాడాలని కాషిఫ్ అడిగాట్ట. కొన్ని ప్రోగ్రాములు పరీక్ష చేయకుండానే చేసినట్టు సంతకాలయ్యాయని, ఆసుపత్రులకి వెళ్లేవి కూడా అందులో ఉన్నాయని అన్నాట్ట. ఎవరి సంతకాలో ఎదురుగా చెబుతానన్నాడు. అదేదో ఆఫీసు గొడవ, మా బీమాకి సంబంధం లేదనుకున్నాను నేను."

"ఆ ప్రోగ్రాములు ఎవరివి?"

"అదే మేనేజర్‌ని అడిగాను. పక్క సీటువాడివి. విఠల్ అని."

చాముండేశ్వరి గోడకి చేయి ఆనించింది. రెండు ముక్కలూ ఇంతసేపూ ఇద్దరి జేబుల్లో వేరువేరుగా ఉన్నాయి. కాషిఫ్ చెప్పబోతున్నాడని విఠల్‌కి తెలిసే ఉంటుంది. సంగతి బయటపడితే ఉద్యోగం పోతుంది, వీసా పోతుంది, కట్టుకున్న అబద్ధమంతా కూలుతుంది. వంటింటి వెనక తలుపు గుండా వెళుతూ, చేయి చాపి ఫ్యాన్ మీట ఒక్కటి నొక్కాడు. నొక్కడానికి ఎంతసేపు పడుతుంది? మెకానికల్ చదివినవాడికి ఇంట్లో గాలి ఎటు పోతుందో ఒకరు చెప్పాలా?

అప్పుడు చెంచా గుర్తొచ్చింది. కప్పులో ఆగి, మళ్లీ తిరిగిన చెంచా. పొద్దున ఆ చప్పుడు లేదని రహీమా చెప్పింది అతని ఎదురుగానే. చెప్పించింది తనే. ఆపైన వాకిట్లో అతని చేతిలో టేపు చుట్ట. మా ఇంట్ల గూడ చలి ఎక్కువనే ఉంది మేడమ్.

గంగాలిన్ కొత్త ఇళ్లు. వాటికి గోడ జల్లెడలు ఉండనే ఉండవు, కిటికీలకి టేపు వేస్తే చాలు.

"మీ మొబైల్‌లో అంబులెన్స్‌కి చేయండి! పోలీసులకి కూడా!" విఠల్ ఇంటి అడ్రసు అరుస్తూనే ఆవిడ వంటింటి గోడకున్న ఫోన్ లాగి, పొద్దున వచ్చేముందు చేసిన విఠల్ ఇంటి నంబరే నొక్కింది.

మోగింది. మోగుతూనే ఉంది. పెట్టేసి మళ్లీ చేయబోతుంటే ఎత్తారు.

"హలో..." నిద్రలో ఉన్న గొంతు.

"రహీమా! నేను చాముండేశ్వరిని. విఠల్ ఏడి?"

"పాలు తెస్తనని పోయిండు ఆంటీ. చానసేపైంది. పేపరోళ్లు వస్తరని బయట తాళమేసి పోయిండు. లోపటికెల్లి తాళంచెవి లేకుంటే రాదు ఈ తలుపు." ఒక్కో మాటా ఈడ్చుకొస్తోంది. "తల మస్తు నొస్తుంది..."

"హీటర్ మండుతోందా?"

"నిండ కట్టెలేసి పోయిండు. పాపకు ఎచ్చగ ఉండాలె అని. కింద హాల్ల హీటర్ కాడనే పండుకోమన్నడు."

ఆ మాటల వెనక, దూరంగా, గుయ్‌మని చప్పుడు. చాముండేశ్వరికి అది ఇక్కడి నుంచే వినపడుతోంది.

"పాపేం చేస్తోంది?"

"పండుకుంది. ఇంతసేపు ఎప్పుడు పండుకోలే. మంచిగ పండుకుంది..."

"రహీమా, నా మాట విను. లే. ఫోన్ కింద పెట్టేసెయ్, కట్ చెయ్యకు. చేతికి ఏది దొరికితే దానితో కిటికీ అద్దం పగలగొట్టు."

"అద్దమా? వేరేటోళ్ల ఇల్లు ఆంటీ. అద్దం పలిగితే ఏజెంట్ ఏమంటదో..."

ఈ మాట వినేసరికి చాముండేశ్వరికి ఏడుపొచ్చింది. పెద్ద పెద్ద కేసుల్లో రాని ఏడుపు. ఓదార్చడం చేతకాని మనిషి, గొంతు పగిలేలా అరిచింది.

"ఏజెంట్‌ని తగలెయ్! మీ ఆయన ఇలాగే పోయాడు! నీ పిల్ల నిద్రపోవట్లేదు, చచ్చిపోతోంది! లే!"

ఫోన్ దేనికో తగిలిన చప్పుడు. ఈడ్చుకుంటూ అడుగులు. ఏదో బరువైనది కింద పడింది. మళ్లీ ఎత్తినట్టున్నారు. పక్కన ద్వారకానాథ్ మొబైల్ చెవికానించి, వీధి పేరు ఒక్కో అక్షరం చెబుతున్నాడు.

అవతల భళ్లుమని అద్దం పగిలింది.

తర్వాత ఏమీ లేదు. గుయ్‌మనే చప్పుడు ఒక్కటే. చాముండేశ్వరి రిసీవర్‌ని రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకుంది. ఎంతసేపో తెలియదు.

సన్నగా, దగ్గుతో కలిసి, పసిపిల్ల ఏడుపు మొదలైంది.

"ఏడుస్తుంది ఆంటీ!" రహీమా గొంతులో కొంచెం ప్రాణం వచ్చింది. "కండ్లు తెరిచింది నా బిడ్డ!" అంతలోనే గొంతు తగ్గింది. "ఆంటీ, ఎవలో ముందు తలుపు తాళం తీస్తుండ్రు."

చాముండేశ్వరి ద్వారకానాథ్ వంక చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. పోలీసులు ఇంకా బయలుదేరనే లేదు.

ఫోన్‌లో తలుపు తెరుచుకున్న చప్పుడు, పాల సీసాలు బల్ల మీద పెట్టిన చప్పుడు. తర్వాత, ఎప్పుడూ ఎత్తి మాట్లాడని ఆ గొంతు.

"భాభీ? కిటికీకి ఏమైంది?"

"పాపని తీసుకుని కిటికీలోంచి దూకెయ్," అంది చాముండేశ్వరి గుసగుసగా. "గడప దాటనక్కర్లేదు తల్లీ. కిటికీ దాటు. వీధిలోకి పరిగెత్తు."

రిసీవర్ జారి కింద పడింది. గాజుముక్కలు కరకరలాడాయి. పాప ఏడుపు ఒక్కసారిగా గట్టిగా వినిపించి, క్రమంగా దూరమైంది. బయటికి, చలిలోకి పోయింది. లోపల బూట్ల అడుగులు మాత్రం ఏ తొందరా లేకుండా వంటింటి వైపు నడిచాయి.

గుయ్‌మనే చప్పుడు ఆగిపోయింది. కాషిఫ్ పోయిన శుక్రవారం పొద్దున కూడా అతను మొదట చేసిన పని అదే.

తర్వాత ఆ అడుగులు ఫోన్ దగ్గరికి వచ్చాయి. ఎవరో రిసీవర్ ఎత్తి, చెవికి పెట్టుకుని, ఊపిరి పీల్చారు.

"మేడమ్," అన్నాడు విఠల్, ఎంతో మర్యాదగా. "మీరు ఏడికెల్లి మాట్లాడుతున్నరో నాకు తెలుసు. గా ఇంటి తాళంచెవి ఇంక నా దగ్గరనే ఉంది."